కంపెనీ ఇచ్చినదాన్ని ఎవరు రాయాలి, ఎవరు చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి. డాక్టరు గారు రాసే మందులు ఆ ఆసుపత్రి కింద షాపులో తప్ప ఊళ్ళో ఇంకెక్కడా దొరకడం లేదు. అమెరికాలో ఉన్న మీ అక్క, అక్కడైతే డాక్టరు పేరు కొడితే ఏ మందుల కంపెనీ ఆయనకు ఎంత ఇచ్చిందో కనిపిస్తుందని చెప్పింది. మన దగ్గర డాక్టర్లు ఎందుకు చెప్పరు, చెప్పమంటే ఉన్న నమ్మకం కూడా పోతుందా అని అడిగారు.

చెప్పాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే డాక్టరు తన గదిలో పేషెంటుకి చెప్పుకుంటే సరిపోదు. ఇచ్చిన కంపెనీయే, డాక్టరు పేరుతో సహా, ఎవరైనా చూడగలిగే చోట రాసి పెట్టాలి. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో 30 ఏళ్ళకు పైగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ మాట నాకు చదువులో దొరకలేదు, ఒక తప్పు చేశాక తెలిసింది. ముందు అది చెబుతాను.

2007లో ఒక కంపెనీ నన్నూ మా ఆవిడనీ బ్యాంకాక్ తీసుకెళ్ళింది. నాలుగు రోజుల సదస్సు అని పేరు. మొదటి రోజు పొద్దున రెండు ఉపన్యాసాలయ్యాయి, మిగతాదంతా తిరగడమే. అలా వెళ్ళకూడదన్న స్పష్టమైన నిబంధన అప్పటికి రాలేదు, నాకు తెలిసిన డాక్టర్లు చాలామంది వెళ్ళేవాళ్ళు. ఫలానా మందు రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఆ కంపెనీ మెడికల్ రెప్ కుర్రాడు ఎప్పటిలాగే రాత్రి తొమ్మిదింటికి, పేషెంట్లు అయిపోయాక వచ్చేవాడు. బ్యాగులోంచి రంగుల బొమ్మల పుస్తకం తీసి పేజీలు తిప్పుతూ రెండు నిమిషాలు చెప్పేవాడు. లేచేటప్పుడు "నెలాఖరు క్లోజింగ్ ఉంది సార్, కొంచెం సపోర్ట్ చేయండి" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆరు నెలలయ్యాక మా కింద మెడికల్ షాపు ఆయన కొనుగోలు బిల్లుల కట్ట పట్టుకుని పైకొచ్చాడు. "డాక్టరు గారూ, ఈ టెల్మిసార్టాన్ ఇదివరకు నెలకి 30 స్ట్రిప్పులు తెప్పిస్తే మిగిలిపోయేవి. ఇప్పుడు 200 తెప్పించినా 25వ తారీఖుకే అయిపోతున్నాయి. ఇంకా పెంచమంటారా?" అన్నాడు. అది నన్ను బ్యాంకాక్ తీసుకెళ్ళిన కంపెనీ బీపీ బిళ్ళ. ఆయన వచ్చింది స్టాకు సంగతి తేల్చుకోవడానికే. నేను ఆ బిల్లులు ఒక్కొక్కటే తిరగేశాను. బ్యాంకాక్ నుంచి వచ్చిన నెల దగ్గర మొదలై అంకె పెరుగుతూ పోయింది. ఆ చీటీలన్నీ నా చేతిరాతే. రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా నాకు బ్యాంకాక్ గుర్తు రాలేదు. ప్రతి చీటీ వెనకా ఒక వైద్య కారణం ఉందనే నమ్మాను.

ఆ వారంలోనే ఒకావిడ వచ్చింది. పొగాకు గ్రేడింగ్ కూలికి వెళ్ళే మనిషి. ఏళ్ళ తరబడి అమ్లోడిపిన్ మీద బీపీ చక్కగా ఉండేది, ఆ మధ్య నేనే మందు మార్చాను. ఆ రోజు చూస్తే 180 మీద 110. బిళ్ళ వేసుకుంటున్నావా అమ్మా అంటే, కొంగు ముడి విప్పి స్ట్రిప్పు తీసి చూపించింది. సగం బిళ్ళలు అలాగే ఉన్నాయి. "రోజు మార్చి రోజు ఏసుకుంటన్నానయ్యా. పాత బిళ్ళయితే నెలకంతా ఒకేసారి కొనుక్కునేదాన్ని. దీనికి డబ్బులు సాలట్లా" అంది. పాత మందే మళ్ళీ రాసి పంపాను. తర్వాత కుదురుకుంది. ఆ మధ్యలో పక్షవాతం వచ్చి ఉంటే ఏం జవాబు చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మీ ప్రశ్నను ఆవిడ ముందు పెట్టి చూడండి. మందు మార్చిన రోజు నేను "అమ్మా, ఈ బిళ్ళ తయారుచేసే కంపెనీ నన్ను బ్యాంకాక్ తీసుకెళ్ళింది" అని చెప్పాననే అనుకుందాం. ఆవిడ "మీకు తోచింది రాయండయ్యా" అనేది. ఇంకేమంటుంది? ఒంట్లో బాగాలేక, ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఆఖరి బస్సు వేళ లెక్కేసుకుంటూ కూర్చున్న మనిషి డాక్టర్ని ఎదురు ప్రశ్న వేయలేదు. నేను మాత్రం చెప్పేశాను కదా అని మనసు తేలిక చేసుకుని అదే మందు రాసేవాణ్ణి.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 2005లో అమెరికాలో కెయిన్, లోవెన్‌స్టీన్, మూర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. గాజు సీసాలో నాణేలు పోసి, అందులో ఎంత డబ్బుందో దూరం నుంచి చూసి అంచనా వేయమని కొందరిని అడిగారు. సీసాను దగ్గర నుంచి చూసిన సలహాదారులు వాళ్ళకు సాయం చేస్తారు. కొందరు సలహాదారులకు, అవతలి మనిషి ఎంత ఎక్కువ చెబితే అంత ఎక్కువ ముట్టే ఏర్పాటు పెట్టారు. ఆ సంగతి అవతలివాళ్ళకు ముందే చెప్పేసినప్పుడు సలహాదారులు ఇంకా ఎక్కువ పెంచి చెప్పారు. విన్నవాళ్ళు కొంత తగ్గించుకున్నారు గానీ, పెంచినంత తగ్గించుకోలేకపోయారు. చెప్పేశాం కాబట్టి ఇక మన తప్పు లేదనే ధైర్యం సలహా ఇచ్చేవాడికి వస్తుంది. డాక్టర్ల సదస్సుల్లో ఉపన్యాసానికి ముందు ఆర్థిక సంబంధాల స్లైడు ఒకటి వేస్తారు. 12 కంపెనీల పేర్లు చిన్న అక్షరాల్లో, రెండు సెకన్లు. వెనక వరసలో కూర్చున్నవాడికి రెండో పేరు చదివేలోపే పోతుంది. ఆ తర్వాత గంటసేపు అందులోని ఒక కంపెనీ మందు గురించే వింటాం. అలాంటి వెల్లడి వల్ల మేలు జరగడం నేను చూడలేదు.

మరి నన్ను ఆపింది ఏమిటి? ఆ బిల్లుల కట్ట. మూడో మనిషి రాసి పెట్టిన లెక్క, నెలల వారీగా, నా ఇష్టాయిష్టాలతో పనిలేని లెక్క. పేర్లతో రిజిస్టరు ఉండాలని నేను అడిగేది అందుకే. దాన్ని ముందుగా చదవాల్సింది డాక్టరే. తర్వాత తోటి డాక్టర్లు, ఆసుపత్రి యాజమాన్యం, మెడికల్ కౌన్సిల్, పత్రికలవాళ్ళు. పేషెంటు చదివితే మంచిదే, కానీ చదవాల్సిన భారం ఆయన నెత్తిన పెట్టకూడదు.

నాకు జరిగింది నా ఒక్కడి బలహీనతే అయితే ఇంత పొడుగ్గా రాసేవాణ్ణి కాదు. 1992లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇలాంటి సంగతే ప్రచురించారు. ఒక పెద్ద ఆసుపత్రి డాక్టర్లను కంపెనీలు ఖర్చులన్నీ పెట్టుకుని విహార ప్రాంతాల్లో జరిగే సదస్సులకు తీసుకెళ్ళాయి. బయల్దేరేముందు అడిగితే, దీనివల్ల మేం రాసే మందులు మారవని చాలామంది చెప్పారు. తిరిగొచ్చాక ఆసుపత్రి ఫార్మసీ లెక్కలు చూస్తే ఆ సదస్సుల్లో చెప్పిన రెండు మందుల వాడకం బాగా పెరిగింది. అబద్ధం చెప్పి ఉంటారని నేను అనుకోను. నాకు తెలియనట్టే వాళ్ళకూ తెలిసి ఉండదు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శిక్షణలో ఉన్న జూనియర్ డాక్టర్లను అడిగారు. కంపెనీ ప్రచారం నా మీద పనిచేయదన్నవాళ్ళు 61 శాతం. మిగతా డాక్టర్ల మీద కూడా అలాగే పనిచేయదన్నవాళ్ళు 16 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఆ బిల్లుల కట్టే గుర్తొస్తుంది.

విదేశీ ప్రయాణాల దాకా కూడా వెళ్ళక్కర్లేదు. 2016లో అమెరికాలో దాదాపు 2 లక్షల 80 వేల మంది డాక్టర్ల లెక్కలు చూశారు. సగటున 20 డాలర్ల లోపు భోజనం ఒక్కటి తిన్న డాక్టర్లు కూడా, తినిపించిన కంపెనీ బ్రాండును తిననివాళ్ళ కంటే ఎక్కువగా రాశారు. భోజనాలు పెరిగేకొద్దీ ఆ రాయడమూ పెరిగింది. ఆ మందు మీద ముందే ఇష్టం ఉన్నవాళ్ళే భోజనానికి వెళ్ళి ఉండవచ్చు, కాబట్టి భోజనమే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు. అయినా తినడానికీ రాయడానికీ మధ్య ఏ సంబంధమూ లేదని మాత్రం ఇక ఎవరూ అనలేరు.

కంపెనీలు లెక్క లేకుండా ఖర్చుపెట్టవు. రెప్‌లు మెడికల్ షాపులో నిలబడి, ఏ డాక్టరు చీటీల మీద ఏ బ్రాండు ఎన్ని స్ట్రిప్పులు పోయాయో అడిగి రాసుకుంటారు. వాళ్ళ భాషలో దాన్ని ఆర్‌సీపీఏ అంటారు. ఆ కాగితం ఏరియా మేనేజరుకి, అక్కణ్ణుంచి పైకి వెళ్తుంది. నేను ఏం రాస్తున్నానో కంపెనీకి నాకంటే బాగా తెలుసు. కంపెనీ నాకేం ఇస్తోందో నా పేషెంటుకి మాత్రం తెలియదు. ఇందులో ఆ కుర్రాళ్ళను తప్పుపట్టకండి. బీఎస్సీయో బీఫార్మసీయో చదివి, టార్గెట్ల మధ్య నలిగిపోతూ ఎండలో బండి మీద తిరిగే పిల్లలు. ఈ కానుకల పద్ధతికి చట్టంతో అడ్డుకట్ట వేయమని సుప్రీంకోర్టుకి వెళ్ళింది మెడికల్ రెప్రజెంటేటివుల సంఘాల సమాఖ్యే.

ఇక మీ అక్క చెప్పిన సంగతి. అమెరికాలో 2010లో ఒబామా ఆరోగ్య చట్టంలో భాగంగా సన్‌షైన్ చట్టం వచ్చింది. దాని కోసం మొదట పట్టుబట్టింది రిపబ్లికన్ సెనెటర్ గ్రాస్లీ, డెమొక్రాట్ సెనెటర్ కోల్. మందులు, వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలు డాక్టరుకి ఏమిచ్చినా, భోజనం, ప్రయాణం, ఉపన్యాసం ఫీజు, సలహా రుసుము, కంపెనీ షేర్లు, దాదాపు ఏదైనా సరే, ఏటా ప్రభుత్వానికి నివేదించాలి. ఓపెన్ పేమెంట్స్ అనే ఆ జాబితా 2014 సెప్టెంబరు 30న మొదటిసారి జనం ముందుకొచ్చింది. ప్రచురించే ముందు డాక్టర్లకు 45 రోజుల గడువిస్తారు, తప్పుంటే అభ్యంతరం చెప్పుకోవచ్చు. 2021 నుంచి, మందులు రాయగలిగే నర్స్ ప్రాక్టీషనర్ల లాంటివాళ్ళకు ఇచ్చినదీ లెక్కలోకి వచ్చింది.

అక్కడ ప్రాక్టీసు చేసే మన తెలుగు డాక్టర్లకు కూడా ఇదే నియమం. మీకు తెలిసినవాళ్ళ పేరు అందులో కనిపిస్తే వెంటనే దొంగల లెక్కన కట్టేయకండి. ఏడాదికి వందో రెండొందలో డాలర్ల భోజనాలు అక్కడ చాలా పేర్ల పక్కన ఉంటాయి. పరిశోధన డబ్బుకు వేరే పద్దు, అందులో ఎక్కువ భాగం వెళ్ళేది సంస్థకు. ఒకే కంపెనీ నుంచి ఏళ్ళ తరబడి ఉపన్యాసం ఫీజులు వేలల్లో వస్తూ, ఆ డాక్టరు అదే కంపెనీ ఖరీదైన మందు రాస్తుంటే అప్పుడు అడగాలి. ఉపన్యాసం ఫీజు ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. అమృత్‌సర్‌లో పుట్టి అమెరికాలో కోటీశ్వరుడైన జాన్ కపూర్ స్థాపించిన ఇన్సిస్ అనే కంపెనీ, ఫెంటానిల్ స్ప్రేని ఎక్కువగా రాసే డాక్టర్లకు పేరుకి మాత్రం ఉపన్యాసాలు పెట్టి ఫీజులు కట్టింది. కేన్సరు నొప్పి తట్టుకోలేనివాళ్ళ కోసం అనుమతించిన మందు అది. 2019లో బోస్టన్ జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. 2020 జనవరిలో అయిదున్నరేళ్ళ శిక్ష పడింది.

ఆ జాబితాను అక్కడి పేషెంట్లు చూస్తున్నారా అంటే పెద్దగా లేదు. 2017లో ప్రచురించిన ఒక జాతీయ సర్వేలో, అలాంటి సమాచారం బయట దొరుకుతుందని తెలిసినవాళ్ళు 12 శాతం. తమ డాక్టరు తీసుకున్నారో లేదో తెలిసినవాళ్ళు 5 శాతం. దీన్ని చూపించి వెల్లడి వృథా అనేవాళ్ళున్నారు. 2018లో జరిగింది గుర్తుచేసుకుంటే ఆ మాట నిలవదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ కేన్సర్ ఆసుపత్రి ప్రధాన వైద్యాధికారి హోసే బసెల్గా, ప్రసిద్ధ పత్రికల్లో రాసిన అనేక వ్యాసాల్లో తనకు కంపెనీలతో ఉన్న ఆర్థిక సంబంధాలు చెప్పలేదు. ఇద్దరు విలేకరులు ప్రభుత్వ జాబితానూ ఆ వ్యాసాల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. లక్షల డాలర్ల తేడా బయటపడింది. వార్త వచ్చిన వారంలోపే ఆయన రాజీనామా చేశారు. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఏ పేషెంటూ ఈ పని చేయలేడు. చదవగలిగినవాళ్ళు చదివారు, మేలు అందరికీ జరిగింది.

మన దేశం సంగతికొద్దాం. నిబంధనలు లేక కాదు. 2009 డిసెంబరు 10న అప్పటి మెడికల్ కౌన్సిల్ తన నీతి నియమావళికి సవరణ తెచ్చింది: డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణాలు, ఆతిథ్యం, నగదు తీసుకోకూడదు. నేను మానేసింది అంతకు ఏడాది ముందే, అయినా ఆ రోజు సంతోషించాను. 2016లో శిక్షలు కూడా నిర్ణయించారు, తీసుకున్నది 5 వేలు దాటితే మూడు నెలలు మెడికల్ రిజిస్టరు నుంచి డాక్టరు పేరు తీసేయడం, లక్ష దాటితే ఏడాదికి పైగా అని. అదే సవరణలో డాక్టర్ల సంఘాలను మాత్రం ఈ నియమం నుంచి తప్పించారు. వ్యక్తికి ఇవ్వకూడనిది సంఘం ఖాతాలో వేసుకోవచ్చన్నమాట. అది నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు. 2023 ఆగస్టులో జాతీయ మెడికల్ కమిషన్ కొత్త నియమావళి తెచ్చి, మూడు వారాల్లో దాన్ని పక్కన పెట్టేసింది. మళ్ళీ పాతదే అమల్లోకి వచ్చింది.

ఈ దేశంలో కానుకల మీద గట్టిగా మాట్లాడింది వైద్య వ్యవస్థ కంటే ఎక్కువగా ఆదాయపు పన్ను శాఖ. డాక్టర్లకిచ్చిన కానుకల్ని కంపెనీలు వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోకూడదని 2012 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. జింకోవిట్ తయారుచేసే అపెక్స్ లేబొరేటరీస్ దీన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది, 4 కోట్ల 72 లక్షల ఖర్చు మీద. 2022 ఫిబ్రవరి 22న జస్టిస్ లలిత్, జస్టిస్ రవీంద్ర భట్ కంపెనీ వాదన కొట్టేశారు. బంగారు నాణేలు, ఎల్‌సీడీ టీవీలు, ఫ్రిజ్‌లు, ఇవన్నీ ఆ తీర్పులో ఉన్న మాటలే. ఈ ఖర్చంతా చివరికి మందు ధరలో కలిసి పేషెంటు మీద పడుతుందని కోర్టు చెప్పింది. మా పొగాకు కూలి ఆవిడ కొంగు ముడిలో నేను చూసిందీ అదే.

అదే ఏడాది జులై నుంచి 194ఆర్ సెక్షన్ వచ్చింది. వృత్తిలో ఉన్నవారికి ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ప్రయోజనం ఏ రూపంలో ఇచ్చినా, ఇచ్చినవాళ్ళు 10 శాతం టీడీఎస్ కట్టాలి. డాక్టర్లకిచ్చే ఉచిత శాంపిళ్ళను ఆ శాఖ వివరణలోనే ఉదాహరణగా పెట్టారు. టీడీఎస్ కట్టారంటే డాక్టరు పాన్ నంబరు మీద నమోదైనట్టే. అంటే నిజాయితీగా లెక్క చూపించే కంపెనీల మేరకైనా, ఎవరికి ఎంత ఇచ్చారో ప్రభుత్వ కంప్యూటర్లో ఇప్పటికే ఉంది. పన్ను వసూలు చేసుకోవడానికి పనికొచ్చిన ఆ లెక్క, మందు మింగేవాడికి మాత్రం కనిపించదు. కొత్తగా పుట్టించాల్సింది చాలా తక్కువ. పాన్ బదులు మెడికల్ రిజిస్ట్రేషన్ నంబరుతో, భోజనాల లాంటి చిన్న మొత్తాలు కూడా కలిపి, ఏడాదికోసారి ప్రచురించమని చట్టం చేస్తే చాలు.

2024 మార్చి 12న కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం మార్కెటింగ్ నియమావళి ఇచ్చింది. కానుకలు వద్దు, విదేశాల్లో సదస్సులు పెట్టొద్దు, బ్రాండు పేరు గుర్తుచేసే వస్తువు ధర 1,000 రూపాయలు దాటొద్దు, శాంపిళ్ళ విలువ దేశీయ అమ్మకాల్లో 2 శాతం మించొద్దు. మంచి నియమాలే. కానీ ఫిర్యాదు వస్తే మొదట విచారించేది కంపెనీల సంఘం పెట్టుకున్న కమిటీ. డాక్టరు పేరు జనానికి చెప్పాలన్న నియమం మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ ఏడాది డిసెంబరులో ఒక బహుళజాతి కంపెనీ 30 మంది డాక్టర్లను మొనాకో, పారిస్ తీసుకెళ్ళిందని తేలి, విభాగం ఆ కంపెనీని మందలించింది. కంపెనీ పేరు పత్రికల్లో వచ్చింది. ఆ 30 మంది పేర్లు ప్రకటించలేదు. వాళ్ళ దగ్గరికి మర్నాడు వెళ్ళిన పేషెంటుకి ఏం తెలుస్తుంది?

నమ్మకం పోతుందేమో అన్న మీ భయం నాకు అర్థమవుతుంది, మా సంఘం సమావేశాల్లో ఎక్కువగా వినిపించేదీ అదే. పోవాల్సిన నమ్మకం ఇప్పటికే పోతోంది, అదీ లెక్క లేకుండా. ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా "డాక్టర్లకి కమిషన్లు" అనే మాట వినబడుతుంది. 2022లో ఒక మందుల కంపెనీ మీద పన్ను దాడులు జరిగాక, డాక్టర్లకు సుమారు 1,000 కోట్ల కానుకలు ఇచ్చినట్టు ఆధారాలు దొరికాయని ఆ శాఖ ప్రకటించింది. నెల తిరిగేసరికి దేశమంతా దాన్ని డోలో 650 ఒక్క బిళ్ళకే అంటగట్టింది. ఆ లెక్క తప్పని కంపెనీ చెప్పినా ఎవరూ వినలేదు. పేర్లు లేవు, పద్దులు లేవు. దాంతో కరోనా రోజుల్లో జ్వరానికి ఆ బిళ్ళ రాసిన ప్రతి డాక్టరూ దొంగ అయ్యాడు. రూపాయి తీసుకోని డాక్టరుకి తన మాట నిరూపించుకునే దారి లేకుండా పోయింది. రిజిస్టరు ఉంటే మొదట బాగుపడేది అలాంటివాళ్ళే.

డాక్టరు ఆదాయం సొంత విషయం కదా అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. పేషెంట్లు ఇచ్చే ఫీజు నా సొంత విషయమే, ఒప్పుకుంటాను. పేషెంటు కొనబోయే సరుకు అమ్మేవాడు నాకిచ్చేది సొంత విషయం ఎలా అవుతుంది? సదస్సులకు డబ్బెక్కడిది అన్న ప్రశ్న ఇంకా గట్టిది. అయిదేళ్ళలో 30 గంటల శిక్షణ పూర్తి చేయాలని నియమం ఉంది, చిన్న ఊళ్ళో ఉండే డాక్టరుకి అది సొంత ఖర్చుతో భారమే. కంపెనీ డబ్బు అసలు ముట్టుకోవద్దని నేను అనను. ఎవరు ఎంత ఇచ్చారో హాలు గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, ఏ ఉపన్యాసం ఎవరు చెప్పాలో మాత్రం ఇచ్చినవాణ్ణి నిర్ణయించనివ్వకండి. పరిశోధనకు, సలహాకు తీసుకునేది న్యాయమైన పని, దాన్ని రాసి చూపించడానికి సిగ్గుపడక్కర్లేదు. చీటీకి బదులుగా ఇచ్చే డబ్బు మాత్రం లంచం. రాసి పెట్టినంత మాత్రాన అది న్యాయం కాదు. దాన్ని ఆపడమే పని.

ఇంత చెప్పాక ఒక సంగతి దాచకూడదు. ఈ రిజిస్టరు రేపే వచ్చినా, మీ నాన్నగారి ఇబ్బందిలో చాలా భాగం అందులో కనపడదు. ఒక్క షాపులోనే దొరికే బ్రాండంటే చాలాసార్లు పెద్ద కంపెనీ సరుకు కాదు. ఎవరో చేసిన మందుకి తమ పేరు వేయించుకుని, ఒక్కో డాక్టర్ని పట్టుకుని అమ్ముకునే చిన్న కంపెనీలుంటాయి. పెట్టె మీద ధర ఎక్కువ వేసి, షాపుకీ డాక్టరుకీ మధ్య పంచుకుంటారు. అది ఏ బిల్లులోనూ ఉండదు. స్కానింగ్ సెంటరు నుంచి వచ్చే వాటా, పల్లెలో ఆర్‌ఎంపీ పేషెంటును తీసుకొచ్చి దింపినందుకు పెద్దాసుపత్రి ఇచ్చే వాటా కూడా కవర్లో నగదుగా పోయేవే. మొత్తం బయటపడదు కాబట్టి బయటపడేది కూడా వద్దనే వాదన నేను ఒప్పుకోను. వెలుతురు పడిన చోటు నుంచి జరిగిన డబ్బు చీకట్లోకి పోతుంది నిజమే, అందుకని షాపుల తనిఖీ కూడా దీంతోపాటే నడవాలి.

ప్రస్తుతానికి మీరు చేయగలిగింది చెబుతాను. స్ట్రిప్పుల మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో లోపలి మందు పేరు ఉంటుంది: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్, అలా. ఎన్ని మిల్లీగ్రాములో, మామూలు బిళ్ళా, నెమ్మదిగా కరిగేదా అన్నది కూడా చూసి కాగితం మీద రాసుకోండి. ఒకే బిళ్ళలో మూడు మందులు కలిపి ఉంటే మూడూ రాయండి. ఆ కాగితంతో జనౌషధి దుకాణంలో గానీ, ఇంకో మెడికల్ షాపులో గానీ అదే మందు ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. రెండింతలు, మూడింతలు తేడా రావడం మామూలే. డాక్టరు చీటీలో కాల్షియం, విటమిన్లు, గ్యాసు బిళ్ళలు ఉంటే వాటిని విడిగా ఒక పక్కన రాసుకోండి.

తర్వాత డాక్టరు గారి దగ్గరికే వెళ్ళండి. కమిషన్ మాట ఎత్తకండి, అది ఎత్తితే తలుపు మూసుకుంటుంది. "సార్, నాన్నగారికి ఈ మందులు జీవితాంతం వాడాలి కదా, నెలనెలా ఖర్చు తట్టుకోలేకపోతున్నాం. ఇదే మందు తక్కువ ధరలో వేరే కంపెనీది రాస్తారా? వీటిలో ఏవి తప్పనిసరి, ఏవి మానేయొచ్చు?" అని అడగండి. నన్ను అలా అడిగినవాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాలేదు, మంచి డాక్టరెవరికీ రాదు. కారణం చెప్పి ఇదే బ్రాండు ఎందుకు కావాలో వివరిస్తే వినండి, కొన్ని మందుల్లో బ్రాండు మార్చడం నిజంగానే మంచిది కాదు. వినకుండా కసురుకుంటే ఇంకో డాక్టరుకి చూపించండి. ఇదంతా తేలేదాకా నాన్నగారిని మాత్రం ఒక్క పూట కూడా బిళ్ళ మానొద్దని చెప్పండి. రోజు మార్చి రోజు వేసుకుని పొదుపు చేస్తున్నారేమో, ఆ స్ట్రిప్పు ఒకసారి మీరే తీసి చూడండి.